పసుపు వేళ్ళాయన

నవంబరు నెలలో మేమంతా బ్యాంకుకు వెళ్ళి, ఇంకా బతికే ఉన్నామని సంతకం పెట్టి వస్తాం. రిటైరైన రైల్వేవాళ్ళకి అదొక పండగ. ఎవరొచ్చారో చూసుకోవచ్చు, ఎవరు రాలేదో అంతకన్నా శ్రద్ధగా చూసుకోవచ్చు. ఈసారి లైన్లో నా వెనక నిలబడ్డ పాత గార్డు ఒకాయన నా భుజం మీద తట్టి, "మీ హల్దీ పోయాడట, తెలుసా?" అన్నాడు.

తెలీదన్నాను. ఒకప్పుడు మీ పక్క క్వార్టరే కదా అన్నాడు. పక్క క్వార్టరు కాబట్టే ఇన్నాళ్ళూ కబురు తెలుసుకోలేదన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తీరా కౌంటరు దగ్గర నా సంతకం వంకరపోయింది. పోయినేడాది దానితో కలవడం లేదని లోపల కూర్చున్న అమ్మాయి మళ్ళీ పెట్టమంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి బేటీ అన్నాను. బయట మంచి ఎండ కాస్తోంది.

హల్దీ అంటే పసుపు. మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో హిందీవాళ్ళు పెట్టిన పేరది. అతని అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. నేనూ ఇక్కడ రాయను. రాస్తే పెద్దమనిషైపోతాడు. కుడిచేతి మూడు వేళ్ళూ, ఎడమచేతి బొటనవేలూ గోళ్ళతో సహా అదో రంగులో ఉండేవి. పసుపూ కాదు, తుప్పూ కాదు, రెండిటికీ మధ్య. కొత్తవాళ్ళు చూసి, పెళ్ళివారింట్లోంచి తిన్నగా డ్యూటీకి వచ్చాడనుకునేవారు. నేను మాత్రం అది అంటురోగమనీ, అతనితో చేయి కలిపితే మూడోరోజుకి మనకీ వస్తుందనీ ఇద్దరు కొత్త గుమాస్తాలకు చెప్పాను. ఒకడు నమ్మాడు.

అతని పిచ్చి ఏమిటంటే, ఇంట్లో సర్క్యూటు బోర్డులు చెయ్యడం. రేడియో వెనక మూత తీస్తే కనిపిస్తుందే, గీతలు గీతలుగా రాగి పారిన అట్ట, అదే. ఊళ్ళో నాలుగు రేడియో కొట్లున్నాయి, కావలసిన బోర్డు అడిగితే ఇస్తారు. ఈయన మాత్రం వంటింటి గుమ్మంలో పీటేసుకుని తనే చేసేవాడు. ఒకవైపు పల్చటి రాగిరేకు అంటించిన అట్టముక్క తెస్తాడు. దాని మీద కావలసిన గీతలు రంగుతో గీస్తాడు. ఆరాక, ఏవో పసుపుపచ్చ గడ్డలు కరిగించిన నీళ్ళలో దాన్ని ముంచి, పళ్ళెం అటూ ఇటూ ఊపుతూ గంటసేపు కూర్చుంటాడు. రంగు కప్పిన చోట రాగి మిగులుతుంది. మిగతాది ఆ నీళ్ళు తినేస్తాయి. ఇంతే విద్య. దీనికి అతను మొహంలో పెట్టుకునే గాంభీర్యం చూస్తే, పళ్ళెం ఆగితే బిలాస్‌పూర్ జంక్షన్లో బళ్ళన్నీ ఆగిపోతాయేమో అనిపించేది.

ఎవరు పలకరించినా ఒకటే మాట. "మనం సేసీదేటీ నేదండి. అక్కర్నేని రాగి పోతాది, అంతే." ఈ ముక్కని అతను ఎక్కడ పడితే అక్కడ వాడేవాడు. ఒకాయనకి ట్రాన్స్‌ఫరైతే, అక్కర్నేనిది పోతాది. ఇంకొకాయనకి ముందు పళ్ళు ఊడితే, అక్కర్నేనిది పోతాది. మా మేనమామ పోయినప్పుడు పలకరించడానికొచ్చి నోరు తెరిచాడు. నేను అతని మొహం చూసి, మంచినీళ్ళు తాగుతావా అని అడ్డుపడ్డాను.

ఆ నీళ్ళ ప్రతాపం చెప్పాలి. వాళ్ళావిడకి పుట్టింటివాళ్ళు పెట్టిన స్టీలు పళ్ళెం ఒకటుండేది, అంచున ఆవిడ పేరు చెక్కించి. ఓ ఆదివారం పింగాణీ బేసిను కనబడక అతను ఆ పళ్ళెంలోనే నీళ్ళు కలిపాడు. సాయంత్రానికి పళ్ళెం లేదు. మొత్తం కరిగిపోయింది. గచ్చు మీద ఆవిడ పేరు ఒక్కటే మిగిలింది, అక్షరాలు విడివిడిగా.

అబద్ధం. నాలుగు చిల్లులు పడ్డాయి, అంతే. కానీ ఈ కథ ఎన్నిసార్లు చెప్పానంటే, ఆ పేరు గచ్చు మీద నేనే ఏరినట్టు కళ్ళకి కడుతుంది. ఆవిడ ఆ చిల్లుల పళ్ళేన్ని పారెయ్యకుండా గోడకి మేకు కొట్టి తగిలించింది. ఎవరైనా చూసి అదేమిటంటే, "మా ఆయన సేసిన జల్లెడండి" అనేది.

గీతలు గీసే రంగు ఇంకో భాగవతం. ఆడవాళ్ళు గోళ్ళకి వేసుకునే ఎర్రరంగు. అది ఆరితే ఆ నీళ్ళకి లొంగదట. ఊళ్ళో దయాల్‌బంద్ పేటలో ఒక గాజుల దుకాణంలో సీసాలు సీసాలు కొనుక్కొచ్చేవాడు. వాళ్ళావిడ జాకెట్లు కుట్టేది. కత్తెర పట్టి పట్టి ఆవిడ వేళ్ళు కాయలు కాసి ఉండేవి, గోళ్ళు ఏనాడూ రంగు ఎరగవు. మరి నెలకిన్ని సీసాలు ఎవరి గోళ్ళకి? కాలనీలో దీని మీద పెద్ద చర్చ జరిగింది. ఊరవతల తిఫ్రాలో లారీల ఆఫీసుల వెనక ఒకావిడ ఉందని తేలింది. మనిషి తిఫ్రా వెళ్ళడం కూడా నిజమే. అక్కడ ఒక చిన్న కార్ఖానాలో కత్తిరింపుల్లో మిగిలిన రాగి అట్టముక్కలు ఏరుకోవడానికి వెళ్ళేవాడు. సంగతి వాళ్ళావిడ చెవిన పడింది. కుళాయి దగ్గర నలుగురూ ఉండగా ఆవిడ బిందె దించి, "ఆ మనిషికి ఆడమనిషే దొరికితే నాకు పళ్ళేలైనా మిగిలీవండి" అంది. దాంతో పుకారు చచ్చిపోయింది. ఎవరు పుట్టించారని అడక్కండి. సరే, నేనే.

ఎవరింట్లో రేడియో మోగినా పాట ఎవరిదో అతనికి పట్టేది కాదు, ముందు దాని వీపు చూసేవాడు. స్క్రూలు విప్పి, బోర్డు బయటికి లాగి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పెదవి విరిచేవాడు. అతుకుల్ని టాంకాలనేవాడు. "టాంకాలు సూడండి, పిట్ట రెట్టేసినట్టున్నాయి." మళ్ళీ బిగించేటప్పుడు ఒక స్క్రూ మిగిలేది. అదీ అక్కర్లేనిదే అని జేబులో వేసుకునేవాడు. మా వరసలో వెనక మూత ఊగని రేడియో లేదు. ఇందులో మాత్రం ఒక్క అక్షరం కల్పన లేదు.

ఇంతటివాడు ఉద్యోగంలో ఏమిటయ్యా అంటే, ఖలాసీ. స్టేషన్ల మధ్య టెలిఫోను తీగలు చూసే విభాగంలో నిచ్చెన మోసేవాడు. నేను అదే విభాగంలో గుమాస్తాని. అప్పటికి చిన్న బాబునే, అయినా అతను నన్ను హెడ్ గుమాస్తాని పిలిచినట్టు బడేబాబూ అని పిలిచేవాడు. నేను సరిదిద్దలేదు.

హల్దీకి ఎలక్ట్రానిక్సు నేర్పింది నేనే. అతనికి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడబలుక్కునేవాడు, హిందీ స్టేషను బోర్డుల మట్టుకు. స్టేషన్లో పుస్తకాల కొట్టు నుంచి నెలనెలా ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చుకునేవాడు, నిండా సర్క్యూటు బొమ్మలు. ఆదివారం పొద్దున్నే దాన్ని పట్టుకుని మా వరండాలోకి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. నేను చదివి, అర్థం చెప్పి, సందేహాలు తీర్చేవాణ్ణి. టీ కొట్టు దగ్గరా, డిస్పెన్సరీ లైన్లోనూ ఇలాగే చెప్పేవాణ్ణి. బుర్ర నాది, వేళ్ళు వాడివి అనేవాణ్ణి.

అసలు సంగతి చెప్పేస్తాను. ట్రాన్సిస్టరుకి మూడు కాళ్ళుంటాయని నాకు చెప్పింది అతనే. చదువుతున్నది నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు. నేను వాక్యాన్ని ఎలాగోలా తెలుగులోకి దింపితే, అతను నా తెలుగుని తన తెలుగులోకి మార్చుకునేవాడు. "విద్యుత్తు ఇచ్చట కొంత కాలము నిలవయుండి పిమ్మట విడుదలగును" అని నేను గంభీరంగా చెప్తే, "కుండ నిండినాక ఒలికిపోతాదన్నమాట" అని తలూపేవాడు. తలూపడంలో కూడా గర్వం ఉండేది. నన్ను మెచ్చుకుంటున్నట్టు కాదు, పత్రికని మెచ్చుకుంటున్నట్టు.

ఒక ఆదివారం మంగలి కుర్చీలో నేను గడ్డం గీయించుకుంటూ, నలుగురూ వింటుంటే నా శిష్యుడి గురించి చెప్తున్నాను. సరిగ్గా అప్పుడు హల్దీ కూరల సంచీతో అటు వచ్చాడు. మంగలి కత్తి ఆపి, ఏం హల్దీ, నీ విద్యంతా బాబూజీదేనటగా అన్నాడు. హల్దీ సంచీ చెయ్యి మార్చుకున్నాడు. ఎగతాళి చేద్దామని కూడా కాదు, అడిగారు కాబట్టి ఉన్న సంగతి చెప్పాడు.

"బాబుగారు సదువుతారండి. సదవడానికేటుంది, రాసిందే కదా."

అందరూ నవ్వారు. నా మొహం సగం సబ్బులో ఉంది. సగం గడ్డంతో ఉన్న మనిషి లేచి వెళ్ళలేడు, కోపం తెచ్చుకోలేడు. కూర్చున్నాను. అతను వంకాయలు ఎలా ఇచ్చారో చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ వానలు వెనకబట్టాక ట్రేడ్ టెస్టు పడింది. ఖలాసీ నుంచి మెకానిక్కుకి. హల్దీ అప్పటికి రెండుసార్లు తప్పాడు. ఇది మూడోది, ఆఖరిది. ఇదీ పోతే ఇంక పిలవరు, రిటైరయ్యేదాకా నిచ్చెనే. కిందటేడు స్తంభం మీంచి జారి మోకాలు చితకొట్టుకున్నాడు. నిచ్చెన భుజాన పెట్టుకుని పట్టాల పక్క కంకర మీద కుంటుతూ నడుస్తుంటే, నాలాంటివాడికి కూడా చూడబుద్ధయ్యేది కాదు. మెకానిక్కయితే టెస్టు రూములో బల్ల, కుర్చీ, మెడ వంచుకునే దీపం. స్తంభం ఎక్కక్కర్లేదు. వాళ్ళావిడ ఆ కుర్చీ గురించి మా ఆవిడతో రోజూ మాట్లాడేది. జాకెట్ల మిగులు ముక్కలతో దానిలోకి దిండు కూడా కుట్టి పెట్టుకుంది.

ఈసారి టెస్టు పెట్టేది కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరు. ఎవరో రాసిన ప్రశ్నలు నేనడగను, మీ చేత్తో మీరు చేసిన పనిచేసే వస్తువు ఒకటి తీసుకురండి, దాని మీదే అడుగుతాను అన్నాడు. మిగతా ఖలాసీలు ఏడ్చినంత పనిచేశారు. హల్దీ కుంటి కాలితోనే సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాడు.

తీగ తెగితే కూసే పెట్టె చేద్దామనుకున్నాడు. ఆ రోజుల్లో టెలిఫోను రాగితీగలు దొంగలు కోసుకుపోయేవారు. తెగిన సంగతి తెల్లారి ఎవరో ఫోను ఎత్తితే గాని తెలిసేది కాదు. అందుకు పనికొచ్చే సర్క్యూటు ఆ నెల పత్రికలోనే వచ్చింది. ఆదివారం నా ముందు పెట్టాడు. చదివాను. అతను తలూపుతూ విన్నాడు.

బొమ్మ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ బొమ్మ భాగాలు కూర్చే పైవైపు నుంచి చూసి గీసినది, రాగి మీద దింపేటప్పుడు తిరగేసి దింపుకోవాలి అని. మామూలుగా ఆ పత్రిక రాగివైపు నుంచే బొమ్మ వేసేది. హల్దీ దాని కింద కార్బను కాగితం పెట్టి ఉన్నదున్నట్టు దింపుకునేవాడు. ఈసారి అలా దింపితే ఎడమ కుడి అయిపోతుంది, కుడి ఎడమైపోతుంది. ఆ వాక్యం నేను చదివి వినిపించలేదు.

అక్షరాలు మరీ చిన్నవి. పైగా నాకప్పుడు దగ్గరచూపు ఆనేది కాదు. చాలా ఏళ్ళు ఇలాగే చెప్పుకున్నాను, వేరే ఎవరికీ కాదు, నాకే. నిజానికి కనబడింది. మనసులో చదువుకున్నాను. చదువుతుండగానే మొహం మీద సబ్బు ఆరిపోతున్నట్టనిపించింది. చదవడానికేముంది అన్నాడుగా, ఏముందో చూస్తాడు అనుకున్నాను. బోర్డు పనిచెయ్యదు, నా దగ్గరికి పరిగెత్తుకొస్తాడు, అప్పుడు తీరిగ్గా ఆ వాక్యం వినిపిస్తాను, ఇంకోటి చేసుకుంటాడు. నలుగురికీ చెప్పుకోవడానికి నాకొక కథ మిగులుతుంది. ఇంతే నా పథకం. ఇందులో పాపమేమీ కనబడలేదు.

బోర్డు రెండు రోజుల్లో అయిపోయింది. గీశాడు, ముంచాడు, కన్నాలు తొలిచాడు. కానీ దానిలో కూర్చోవలసిన ఎనిమిది కాళ్ళ నల్ల చిప్పు ఊళ్ళో లేదు. నాగపూర్ బండి తోలే డ్రైవరొకడు తెస్తానన్నాడు. అతని డ్యూటీలు మారి మారి, చిప్పు టెస్టు ముందురోజు మధ్యాహ్నం గాని చేరలేదు. హల్దీ దాన్ని కూర్చి, టాంకాలు పెట్టి, తీగ తెంపాడు. పెట్టె కుయ్యిమనలేదు.

ఎండ ఇంకా ఉండగానే పత్రిక పట్టుకుని మా వరండాలోకి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"కూయట్లేదండి బడేబాబూ. ఒకపాలి మొదట్నించీ సదవండి."

మొదటి నుంచీ చదివాను. ఇంత శ్రద్ధగా నేను ఏదీ చదివి ఉండను. చదువుతూ ఆ బొమ్మ దగ్గరికి వచ్చాను. ఇప్పుడా వాక్యం చదివితే, మరి ఆదివారం ఎందుకు చదవలేదంటాడు. గురువుగారి సంగతి నాలుగిళ్ళకీ తెలుస్తుంది. తిరగేసి ఇంకోటి చెయ్యడానికి వేళా లేదు, అతని దగ్గర రాగి అట్టా లేదు. చెప్పి ప్రయోజనమేమిటి అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను.

"కిందేటైనా ఉందేటండి?" అన్నాడు.

నా బొటనవేలు ఆ వాక్యం మీద ఉంది. దానంతటది అక్కడికి వెళ్ళలేదు.

"ఏమీ లేదు" అన్నాను.

అతను కాగితం వంక చూశాడు. నా వేలి వంక చూశాడో లేదో నేను చూడలేదు, నేను గేటు వంక చూస్తున్నాను. అచ్ఛా అని, పత్రిక చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తరవాత జరిగింది మా ఆవిడ ద్వారా తెలిసింది. వాళ్ళింట్లో బల్ల ఒకటే. ఒక కొసన ఆవిడ జాకెట్లు కత్తిరించేది, రెండో కొసన ఈయన బోర్డులు. ఆ సాయంత్రం ఆవిడ బట్ట పరుచుకోబోతూ, పత్రికలో బొమ్మనీ, పక్కన భాగాలు పైకి పెట్టి ఉన్న బోర్డునీ చూసింది. ఆవిడకి అక్షరాలే రావు, సర్క్యూటు సంగతి అడగక్కర్లేదు. "ఇదేటండి, ఎడంపక్క ముక్క కుడిపక్కకి కోసీసినట్టున్నారు" అందట. బట్ట తిరగేసి వేసుకుని కోస్తే జాకెట్టు ముందు ముక్కలు రెండూ ఒకే పక్కవి వస్తాయి. దర్జీపని చేసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు చేసి తీరే తప్పు. ఈయన బొమ్మనీ బోర్డునీ మార్చి మార్చి తిప్పి చూసి, చిప్పుని ఊడబీకి, వెల్లకిలా పడుకోబెట్టి, ఎనిమిది కాళ్ళనీ సన్న పటకారుతో ఒక్కొక్కటే వెనక్కి వంచాడు. అలా వంచితే తిరగబడ్డ బొమ్మకి అది సరిపోతుంది. ఒక కాలు విరిగింది. దాని చోట వెంట్రుకంత తీగ అతికించాడు. పెట్టె కూసింది.

మర్నాడు ఆఫీసరు గదిలో నేనూ ఉన్నాను. ఫలితాలు రాసే గుమాస్తాని నేనే. హల్దీ ఉతికిన ఖాకీ చొక్కాతో వచ్చి పెట్టె, దాని పక్కన పత్రికా బల్ల మీద పెట్టాడు. ఆఫీసరు తన చేత్తోనే తీగ తెంపాడు. కూసింది. ఆ కూతకి బీరువా మీద ఫైళ్ళు కిందపడ్డాయనీ, బంట్రోతు బయటికి పరిగెత్తాడనీ తరవాత అందరికీ చెప్పాను. ఏమీ పడలేదు, ఎవరూ పరిగెత్తలేదు. జలుబు చేసిన పసిబిడ్డ మూలిగినట్టు మూలిగింది. కానీ కూసింది. మిగతా ఖలాసీలు తెచ్చిన వాటిలో సగం అదీ చెయ్యలేదు.

ఆఫీసరు ముచ్చటపడి మూత తీయించాడు. లోపల చిప్పు కాళ్ళు పైకెత్తి పడుకుని ఉంది. ఇది చచ్చిన బొద్దింకలా ఉందేమిటని అడిగాడు. హల్దీ తనకొచ్చిన హిందీలో, బొమ్మ తిరగబడింది సాబ్, అందుకని దీన్ని తిప్పాను అన్నాడు. ఆఫీసరు పత్రిక అందుకున్నాడు. చదువుకున్నవాడికి ఎంతసేపు. బొమ్మ అడుగున వేలు పెట్టి, ఇక్కడ రాసే ఉంది కదా, చూడలేదా అన్నాడు. తిట్టడానికి కాదు, ఆశ్చర్యంగానే. కాగితం హల్దీ వైపు తిప్పి, "పఢియే" అన్నాడు. చదవమని.

హల్దీ పత్రిక తీసుకున్నాడు. బొమ్మ ఎటు పైకి ఉండాలో తెలుసు కాబట్టి కాగితం సరిగ్గానే పట్టుకున్నాడు. ఆ పసుపు వేళ్ళు ఆ వాక్యానికి కిందగా ఆనించి, చాలాసేపు దాన్ని చూశాడు. అక్కడ ఒక వాక్యం ఉందని అతనికి అప్పుడే తెలిసిందనుకుంటాను. నేను కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాను.

"ఇంగ్లీషు చదవడం రాదు సాబ్" అన్నాడు. "చదివించుకుని వింటాను."

ఎవరు చదువుతారని ఆఫీసరు అడిగాడు.

అప్పుడు నేను లేచి, నేనే సార్, ఆ వాక్యం నేనే దాటేశాను అని చెప్పాను. ఆఫీసరు నా వంక చూసి...

లేదు. ఇది కూడా అబద్ధం. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే మొదటిసారి రాసి చూశాను, ఎలా ఉంటుందోనని. నేను లేవలేదు. హల్దీ నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"ఎవరో ఒకరు చదివి పెడతారు సాబ్. నేనే సరిగ్గా వినలేదు."

ఆఫీసరు మర్యాదస్తుడు. చేతిపని చాలా బాగుందన్నాడు. కానీ రేపు నేనొక ఇంగ్లీషు డ్రాయింగు బల్ల మీద పెడితే ఎవరిని పిలుచుకొస్తావు అన్నాడు. హల్దీ పెట్టె మూత బిగించుకున్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగి రాసుకోమన్నాడు. పనికిరాడు అని రాశాను. నా దస్తూరీ గురించి డివిజనంతా చెప్పుకునేవారు. డివిజనంతా కాదులెండి, నేనే చెప్పుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం నిజంగానే ముత్యాల్లా కుదిరింది.

నేను లేచి చెప్పినా ఫలితం మారేది కాదని చాలాకాలం వాదించుకున్నాను. చదవడం రానివాడు రానివాడే కదా. కానీ ఆదివారం నాడు ఆ వాక్యం వినిపించి ఉంటే చిప్పు వెల్లకిలా పడుకునేది కాదు. ఆఫీసరు పత్రిక అడిగేవాడు కాదు. పెట్టె కూసేది, అతను కుర్చీలో కూర్చునేవాడు. ఈ వాదనలో ఇంతవరకూ వచ్చి ప్రతిసారీ ఆగిపోతాను.

హల్దీ రిటైరయ్యేదాకా నిచ్చెన మోశాడు. వాళ్ళావిడ నాతో మామూలుగానే మాట్లాడేది, ఒక్కసారి తప్ప. టెస్టయిన వారానికి కుళాయి దగ్గర ఎదురుపడి, ఏదో అనాలని, నా కళ్ళు ఈమధ్య బొత్తిగా ఆనడం లేదమ్మా, జోడు మార్పించుకోవాలి అన్నాను. ఆవిడ బిందె చంకనెత్తుకుని, "బొటనేలు తీసి సదవండన్నయ్యగారూ. జోడుతో పనుండదు" అంది.

అంటే చూశాడన్నమాట. చూసి, ఇంట్లో చెప్పి, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అతని మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఇందుకే. అలాంటప్పుడు మనిషన్నవాడు తిట్టాలి. నలుగురిలో కాలరు పట్టుకోవాలి. పట్టుకుంటే నేను నాలుగు అబద్ధాలు ఆడి, రెండు నిజాలు ఒప్పుకుని, మధ్యలో ఎక్కడో బయటపడేవాణ్ణి. నాకది చేతనైన పని. ఆ వీలు కూడా ఇవ్వలేదు. దీన్ని మంచితనం అంటారని నాకు తెలుసు. నేననను. పొగరంటాను.

ఆ మరుసటి నెల మొదటి ఆదివారం, కుంటుకుంటూ, కొత్త పత్రిక పట్టుకుని మా వరండాలోకి వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఏమీ జరగనట్టు, "కానీండి బడేబాబూ" అన్నాడు.

పత్రిక ఒళ్ళో పరుచుకుని, పైఅట్ట దగ్గర నుంచి మొదలుపెట్టాను. పత్రిక పేరు, నెల, సంపాదకుడి పేరు. పాఠకులెవరో రాసిన ఉత్తరాలు. ఢిల్లీలో ట్రాన్స్‌ఫార్మర్లు అమ్మేవాడి ప్రకటన, బొంబాయిలో మీటర్లు అమ్మేవాడి ప్రకటన, వాళ్ళు ఆదివారాలు తెరవరన్న సంగతి. అదొగ్గీండి, బొమ్మకాడికి రండి అని రెండుసార్లు అన్నాడు. నేను ఆగలేదు. లోపల్నుంచి మా ఆవిడ టీ తెచ్చిపెట్టింది, చల్లారిపోయింది. గోడకి అవతల కుట్టుమిషను కాసేపు నడిచి ఆగిపోయింది. బొమ్మ పక్కనున్న అంకెలు చదివాను, అంకెల కింద గీత ఉందని చెప్పాను. చివరికి అతను మోకాలు పట్టుకుని లేచి, "సాలండి, కాలు పట్టేసింది" అన్నాడు.

"కూర్చోవయ్యా, పేజీ అడుగున ఇంకో లైనుంది" అన్నాను, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కాగితం మీదికి వంగి.